పాత బ్యాండు కొత్త ఆల్బమ్ తెచ్చినప్పుడు: వినేవాళ్ళకు నా తొమ్మిది పాఠాలు

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు చెందిన ఇండీ పాప్ బృందం బెల్ అండ్ సెబాస్టియన్ 2022 మేలో 'ఎ బిట్ ఆఫ్ ప్రీవియస్' అనే ఆల్బమ్ తెచ్చింది. ఎనిమిది నెలలకే, 2023 జనవరిలో, కొద్ది రోజుల ముందు మాత్రమే కబురు చెప్పి 'లేట్ డెవలపర్స్' విడుదల చేసింది. రెండూ ఒకే విడత రికార్డింగుల నుంచి వచ్చిన జంట ఆల్బమ్‌లు. వాటి మీద నా అభిప్రాయం ఏమిటని మా ఇంటి పిల్లలు, వాళ్ళ స్నేహితులు అడుగుతుంటారు. ముందే చెప్పేస్తాను: 2006 నాటి 'ద లైఫ్ పర్స్యూట్' తర్వాత ఈ బృందం చేసిన పనిలో ఇవే మేలైనవి. వాటిలోనూ 'ఎ బిట్ ఆఫ్ ప్రీవియస్' ఒక మెట్టు పైన ఉంటుంది.

ఆ మాట ఒక్కటే చెప్పి ఊరుకుంటే మీకు ఒరిగేది లేదు. ఆ అభిప్రాయానికి ఎలా వచ్చానో తెలిస్తే, రేపు మీకు నచ్చిన బ్యాండు కొత్త ఆల్బమ్ తెచ్చినప్పుడు మీ అభిప్రాయం మీరే ఏర్పరచుకోగలుగుతారు. పాటలు వింటూ తల నెరిసినవాడిగా నేను నేర్చుకున్నది ఇక్కడ వరసగా పెడుతున్నాను.

1. మొదటి ఆల్బమ్‌ను కొలబద్ద చేసుకోకండి

ఈ బృందం పేరెత్తగానే అభిమానులు 1996కు వెళ్ళిపోతారు. ఎందుకు వెళ్తారో నాకు తెలుసు. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన 'టైగర్‌మిల్క్' ఒక కాలేజీ ప్రాజెక్టు. గ్లాస్గోలోని స్టో కాలేజీలో సంగీత వ్యాపారం కోర్సు విద్యార్థులు ఎలక్ట్రిక్ హనీ అనే చిన్న లేబుల్ నడిపేవారు. అసోసియేట్స్ బృందంలో ఒకప్పుడు వాయించిన అలన్ రాంకిన్ అక్కడ పాఠాలు చెప్పేవాడు. కోర్సు కోసం ఏటా ఒక సింగిల్ తెచ్చే లేబుల్ అది. ఈ బృందం గాయకుడు, పాటల రచయిత స్టువర్ట్ మర్డాక్ దగ్గర పాటలు ఎక్కువగా ఉండటంతో ఏకంగా ఆల్బమ్ చేశారు. మూడు రోజుల్లో రికార్డింగు ముగిసింది. వెయ్యి ఎల్‌పీలు అచ్చయ్యాయి. 1999లో మళ్ళీ విడుదలయ్యేదాకా ఆ తొలి ప్రతులు వందల పౌండ్లు పలికాయి. అదే ఏడాది నవంబర్‌లో 'ఇఫ్ యు ఆర్ ఫీలింగ్ సినిస్టర్' వచ్చింది.

ఆ పాటల వెనుక మర్డాక్ అనారోగ్యం ఉంది. ఇరవైల్లో ఉండగా ఎం.ఇ. అనే తీవ్ర అలసట జబ్బు అతన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి చదువుకూ పనికీ దూరం చేసింది. లోకమంతా పనుల మీద తిరుగుతుంటే కిటికీ పక్కన కూర్చున్న మనిషి రాసిన పాటలవి. వాటిలోని సన్నటి గొంతు, బెరుకు, కూడబలుక్కుని వాయిస్తున్నట్టుండే వాయిద్యాలు ఆ పరిస్థితి నుంచి వచ్చాయి. ఆ పరిస్థితిని మళ్ళీ తెమ్మని ఎవరినీ అడగలేం. అడిగితే ఆ మనిషి మళ్ళీ మంచాన పడాలని కోరుకున్నట్టే. మొదటి ఆల్బమ్‌ను ప్రేమించండి, పదిమందికి వినిపించండి. కొత్తదాన్ని తూచే రాయిగా మాత్రం వాడకండి.

2. ఎక్కడ, ఏ పరిస్థితుల్లో రికార్డు చేశారో తెలుసుకోండి

పాట గాల్లోంచి రాదు. ఒక గదిలో, కొందరు మనుషుల మధ్య పుడుతుంది. ఈ బృందం 2003లో 'డియర్ క్యాటస్ట్రఫీ వెయిట్రెస్' కోసం ట్రెవర్ హార్న్ అనే పేరుమోసిన నిర్మాతతో పనిచేసింది. 'ద లైఫ్ పర్స్యూట్', 2010 నాటి 'రైట్ అబౌట్ లవ్' ఆల్బమ్‌లను టోనీ హాఫర్‌తో లాస్ ఏంజెలిస్‌లో చేసింది. 2015లో వచ్చిన 'గర్ల్స్ ఇన్ పీస్‌టైమ్ వాంట్ టు డాన్స్' కోసం అట్లాంటాకు వెళ్ళింది. 2020 వసంతంలో మళ్ళీ లాస్ ఏంజెలిస్ ప్రయాణానికి సిద్ధమవుతుండగా కోవిడ్ వచ్చి దారులు మూసేసింది.

దాంతో గ్లాస్గోలో తాము రిహార్సల్స్ చేసుకునే చోటునే స్టూడియోగా మార్చుకున్నారు. 2000లో వచ్చిన 'ఫోల్డ్ యువర్ హ్యాండ్స్ చైల్డ్, యు వాక్ లైక్ ఎ పెజంట్' తర్వాత సొంత ఊళ్ళో వాళ్ళు పూర్తిగా రికార్డు చేసిన ఆల్బమ్ 'ఎ బిట్ ఆఫ్ ప్రీవియస్'. అద్దె స్టూడియోలో గంటగంటకూ డబ్బు కరుగుతుంటే పని తొందరగా తెమల్చాలి. సొంత చోట అయితే ఒక పాటను పక్కనపెట్టి, వారం తర్వాత మళ్ళీ అందుకోవచ్చు. సాయంత్రానికి ఇంటికి పోయి పిల్లలతో అన్నం తిని, పొద్దున్నే వచ్చి కూర్చోవచ్చు. ఆ తీరిక ఈ పాటల్లో నాకు వినిపిస్తుంది. 'డూ ఇట్ ఫర్ యువర్ కంట్రీ' అనే నెమ్మదైన పాట వినండి. ఎక్కడా తొందర లేదు, గొంతును ముందుకు తోసే వాయిద్యం లేదు. ఒక ఆల్బమ్‌కు ఇరవై మూడు పాటలెందుకని రెండుగా విడదీసుకునేంత సరుకు చేతికి రావడానికీ ఆ తీరికే కారణమని నా నమ్మకం.

3. పాడుతున్న మనిషి వయసేమిటో మరిచిపోకండి

మర్డాక్ పుట్టింది 1968లో. ఈ రెండు ఆల్బమ్‌లు వచ్చేసరికి యాభై దాటినవాడు, పిల్లల తండ్రి. మొదట్లో అతని పాటల నిండా స్కూలు పిల్లలు, బస్సు ప్రయాణాలు, చర్చి మెట్లు, ఎవరికీ పట్టని ఒంటరి అమ్మాయిలు ఉండేవారు. 'ఎ బిట్ ఆఫ్ ప్రీవియస్' మొదటి పాట 'యంగ్ అండ్ స్టుపిడ్' ఆ కాలాన్ని దూరం నుంచి చూస్తుంది. వయసు మీద పడ్డ ఒంటిని దాచుకోకుండా, పడుచుతనంలోని తెలివితక్కువతనాన్ని తిట్టకుండా, పొగడకుండా చెబుతుంది. ఆల్బమ్‌కు తలుపు తీసే చోట ఆ పాట పెట్టడం మంచి నిర్ణయం. "ఇప్పుడు మేమిక్కడున్నాం, ఇక్కడి నుంచే మాట్లాడతాం" అని వినేవాళ్ళకు మొదటే చెప్పినట్టయింది.

అదే ఆల్బమ్‌లో 'అన్‌నెసెసరీ డ్రామా' ఉంది. గిటార్లు, మౌత్ ఆర్గన్ కలిసి హోరెత్తించే పాట. ఇళ్ళలో మూసిపెట్టిన కాలం గడిచాక మళ్ళీ మనుషుల్లో పడుతున్న పడుచువాళ్ళ గందరగోళం అందులో ఉంది. యాభైలు దాటినవాడు ఇరవైల వాళ్ళ గురించి రాశాడు. వాళ్ళలా నటించకుండా, వాళ్ళ మీద పెద్దరికం చెలాయించకుండా రాశాడు. ఇది ఎంత కష్టమో ఏ భాషలో పాటలు రాసేవాళ్ళనైనా అడగండి. వయసు పెరిగిన కళాకారుడు పడుచు వేషం కడితే వినేవాళ్ళకు ఇబ్బందిగా ఉంటుంది. చాదస్తంలో పడితే విసుగేస్తుంది. ఈ పాటలు రెంటినీ తప్పుకున్నాయి. నా అభిప్రాయానికి అన్నిటికంటే బలమైన ఆధారం ఇదే.

4. బాణీ నవ్వుతుంటే, మాటలేం చేస్తున్నాయో చూడండి

గ్లాస్గో ఇండీ పాప్‌కు ఒక వారసత్వం ఉంది. 1980 ప్రాంతంలో పోస్ట్‌కార్డ్ రికార్డ్స్ అనే చిన్న లేబుల్, ఆరెంజ్ జ్యూస్ అనే బృందం ఒక దారి వేశాయి: గలగలమనే గిటార్లు, అమెరికన్ సోల్ సంగీతం మీద ప్రేమ, గట్టితనం చూపించుకోవాలన్న తాపత్రయం లేని మగ గొంతు. ఆ దారిలో వచ్చినవాళ్ళు బరువైన సంగతిని తేలికైన బాణీలో పెట్టడం నేర్చుకున్నారు. బెల్ అండ్ సెబాస్టియన్ ఆ పనిలో ఆరితేరింది.

'ఇఫ్ దే ఆర్ షూటింగ్ ఎట్ యు' దీనికి మంచి ఉదాహరణ. ప్రార్థనాగీతంలా మెల్లగా సాగి, కోరస్ గొంతులతో పైకి లేచే సోల్ పాట. దారితప్పి దెబ్బతిన్న మనిషికి ధైర్యం చెప్పే పాట. రికార్డింగు ముగిశాక, 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయిన్ మీదకు యుద్ధానికి వెళ్ళింది. పాటలోని మాటలకు అనుకోని అర్థం వచ్చి చేరింది. బృందం యుక్రెయిన్ ఛాయాచిత్రాలతో వీడియో చేసి, పాట మీద వచ్చే ఆదాయాన్ని రెడ్‌క్రాస్‌కు ఇస్తామని ప్రకటించింది. బాణీ ఒక్కటే విన్నవాళ్ళకు ఇది హాయిగా ఉందనిపించి ఊరుకుంటుంది. మాటలు పట్టుకున్నవాళ్ళకు గొంతు బొంగురుపోతుంది. ఇంగ్లీషు పాటే కదా, మాటలు అర్థం కాకపోయినా ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. ఈ బృందం విషయంలో అలా అనుకుంటే సగం ఆల్బమ్ వినకుండా వదిలేసినట్టే. ఒకసారి బాణీ కోసం వినండి, మరోసారి పాటల మాటలు ఎదురుగా పెట్టుకుని వినండి.

5. ఒక్క సింగిల్ విని తీర్పు చెప్పకండి

మన సినిమా పాటలతో మనకు పడిన అలవాటు ఇది. ముందుగా ఒక లిరికల్ వీడియో వదులుతారు, ఆ సాయంత్రానికే "పాటలు బాగాలేవు" అనే మాట ఊరంతా తిరుగుతుంది. 'లేట్ డెవలపర్స్' విషయంలోనూ అలాగే జరగడానికి వీలుంది. దాని సింగిల్ 'ఐ డోంట్ నో వాట్ యు సీ ఇన్ మీ' తళతళలాడే సింథసైజర్లతో రేడియోలో వచ్చే పాప్ పాటలా ఉంటుంది. వూ ఓ అనే పేరుతో సంగీతం చేసే గ్లాస్గో కుర్రవాడితో కలిసి రాశారు. బయటివాళ్ళతో కలిసి పాట రాయడం ఈ బృందానికి కొత్త. పాత అభిమానులు ఉలిక్కిపడటంలో వింత లేదు.

అయితే అది పదకొండు పాటల్లో ఒకటి. అదే ఆల్బమ్‌లో 'విల్ ఐ టెల్ యు ఎ సీక్రెట్' ఉంది. అరవైల నాటి బ్రిటిష్ పాప్‌ను గుర్తుచేసే, చెవిలో చెప్పినట్టుండే చిన్న పాట అది. చివర ఆల్బమ్ పేరుతోనే ఉన్న పాట బూరల మోతతో పండుగలా ముగుస్తుంది. ఆవకాయ కలిపిన రోజునే ఎవరూ రుచి తేల్చరు. మూడోరోజు తిరగగలిపి, ఉప్పూ కారం ముక్కకు పట్టాక చెబుతారు. ఆల్బమ్‌కూ ఆ గడువు ఇవ్వండి. మొదటి నుంచి చివరిదాకా, వరస మార్చకుండా, కొన్ని రోజుల ఎడంతో రెండు మూడుసార్లు వినండి. 2003లో ట్రెవర్ హార్న్ పేరు వినగానే బెదిరిపోయినవాళ్ళు చాలామందే. ఇప్పుడు 'డియర్ క్యాటస్ట్రఫీ వెయిట్రెస్'ను ఆప్యాయంగా తలుచుకుంటారు.

6. ఒక్క గొంతునే వెతుక్కోకండి

బృందమంటే పేరున్న గాయకుడు, వెనక నలుగురు వాయించేవాళ్ళు అనుకుంటాం. బెల్ అండ్ సెబాస్టియన్ అలా నడవలేదు. బృందం సభ్యుల్లో స్టువర్ట్ డేవిడ్ 2000లో, ఇసోబెల్ క్యాంప్‌బెల్ 2002లో వెళ్ళిపోయారు. ట్రంపెట్ వాయించే మిక్ కుక్ 2013లో బయటికి వచ్చాడు. ఒక్కొక్కరు వెళ్ళినప్పుడల్లా ఇక అయిపోయిందన్నారు. ప్రతిసారీ మిగిలినవాళ్ళు ఖాళీని తమ తీరులో నింపుకున్నారు.

ఈ రెండు ఆల్బమ్‌లలో నాకు బాగా నచ్చింది వాళ్ళు పాటలు పంచుకుని పాడిన తీరే. 'రిక్లెయిమ్ ద నైట్' పాడింది బృందంలోని సారా మార్టిన్. రాత్రివేళ వీధుల్లో నడిచే హక్కు గురించి ఆడవాళ్ళు చేసిన ఉద్యమం పేరు అది. ఎనభైల సింథ్ పాప్ బాణీలో, గొంతు పెంచకుండా, ఖచ్చితంగా పాడుతుంది. 'డెత్‌బెడ్ ఆఫ్ మై డ్రీమ్స్' మరో సభ్యుడు స్టీవీ జాక్సన్‌ది. పాత కంట్రీ పాటల వాసనతో, నిదానంగా, మనసు విరిగినవాడి పాట. మర్డాక్ పాడితే ఈ రెండూ ఇలా ఉండవు. 'లేట్ డెవలపర్స్'లో 'డూ యు ఫాలో' పాటను మర్డాక్, సారా పంచుకుని పాడారు. ఇద్దరూ పక్కపక్కన దశాబ్దాలు నిలబడి పాడిన అలవాటు అందులో తెలుస్తుంది. ఒకరు మాట ఎత్తుకుంటుండగానే రెండోవారు చోటిస్తారు. మీకిష్టమైన గొంతు వచ్చేదాకా మిగతా పాటలు దాటేసుకుంటూ పోతే, ఒక బృందం ఇంతకాలం ఎలా కలిసుందో మీకు ఎప్పటికీ తెలియదు.

7. ఆలస్యంగా వచ్చిన పాటను గౌరవంగా వినండి

'లేట్ డెవలపర్స్'లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'వెన్ ద సినిక్స్ స్టేర్ బ్యాక్ ఫ్రమ్ ద వాల్'. మర్డాక్ దీన్ని 1994లో, అంటే బృందం పుట్టకముందే రాసుకున్నాడు. అన్నేళ్ళ తర్వాత రికార్డు చేస్తూ తోడు పాడటానికి ట్రేసీయాన్ క్యాంప్‌బెల్‌ను పిలిచాడు. ఆమె గ్లాస్గోకే చెందిన క్యామెరా అబ్‌స్క్యూరా బృందం గాయని. ఆ బృందం తొలిరోజుల్లో తెచ్చిన 'ఎయిటీస్ ఫ్యాన్' పాట రికార్డింగుకు సాయపడ్డవాడు మర్డాకే. 2015లో తమ కీబోర్డ్ కళాకారిణి కేరీ లాండర్ క్యాన్సర్‌తో చనిపోయాక ఆ బృందం చాలాకాలం మౌనంగా ఉండిపోయింది. 2024లో 'లుక్ టు ద ఈస్ట్, లుక్ టు ద వెస్ట్'తో తిరిగి వచ్చింది.

ఈ సంగతులన్నీ తెలిసి వింటే పాట పెరుగుతుంది. ఇరవైల్లో ఉన్న జబ్బు మనిషి రాసిన మాటలను, ఆ జబ్బుతో సర్దుకుని బతకడం నేర్చుకున్న నడివయసు మనిషి పాడుతున్నాడు. పక్కన, తన దుఃఖాన్ని తాను మోసిన ఒక స్నేహితురాలి గొంతు ఉంది. 1994లోనే రికార్డయి ఉంటే ఇది మంచి పాటల్లో ఒకటిగా మిగిలేది. ఇప్పుడు దానికి రెండు వయసులున్నాయి. ఒక ఊరి సంగీతకారులు ఒకరినొకరు ఎలా నిలబెట్టుకుంటారో కూడా ఇందులోనే ఉంది. కాబట్టి పాత పాటను దుమ్ముదులిపి తెచ్చారని చులకన చేయకండి. ఇంతకాలం ఆగినందుకు దానికి ఏం కలిసివచ్చిందో వెతకండి.

8. లోపం చెబితే చోటు చూపించి చెప్పండి

"అంత గొప్పగా లేదు" అనే మాటతో ఎవరికీ ఉపయోగం లేదు. ఏ పాటలో, ఎక్కడ, ఏది కుదరలేదో చెప్పండి. ప్రేమించిన బృందం గురించి చెప్పేటప్పుడు ఇది మరీ అవసరం.

నాకు కుదరని చోట్లు ఇవి. 'టాక్ టు మీ, టాక్ టు మీ'లో సింథసైజర్లు, బూరలు కలిసి పాటను ముందుకు నెట్టే ఊపులో మర్డాక్ గొంతుకు ఊపిరాడదు. అతని గొంతు సన్ననిది, దానికి చుట్టూ ఖాళీ కావాలి. 'ఐ డోంట్ నో వాట్ యు సీ ఇన్ మీ' పల్లవి గుర్తుండిపోతుంది గానీ, దాన్ని ఇంకో గాయకుడు పాడినా తేడా తెలియదు. ఈ బృందం పాటల్లో అలాంటిది అరుదు. ఇక 'ఎ బిట్ ఆఫ్ ప్రీవియస్' డిస్కో, సోల్, కంట్రీ, సింథ్ పాప్ అన్నిటినీ చుట్టివస్తూ అక్కడక్కడ చెదిరిపోతుంది. తీరిక ఇచ్చిన స్వేచ్ఛకు ఇది మూల్యం. గట్టిగా కాదనేవాళ్ళు ఒకరు గదిలో ఉంటే రెండు ఆల్బమ్‌లూ మరింత బిగువుగా ఉండేవి. ఇవన్నీ చెప్పినా నా అభిప్రాయం తగ్గదు. ఎక్కడ తక్కువైందో వేలుపెట్టి చూపించగలిగినప్పుడే, ఎక్కడ బాగుందో చెప్పిన మాటకు విలువ వస్తుంది.

9. నచ్చితే మీ డబ్బు పెట్టండి

ఇండీ సంగీతం మొదటి నుంచీ చిన్న లేబుళ్ళ మీద, తెలిసి కొనే కొద్దిమంది మీద నిలబడింది. వెయ్యి ఎల్‌పీలు అచ్చువేసిన విద్యార్థులు లేకపోతే ఈ బృందమే లేదు. ఆ విద్యార్థులకు దారి చూపిన అలన్ రాంకిన్ 2023 జనవరిలో కన్నుమూశాడు. 'లేట్ డెవలపర్స్' వచ్చిన నెల అది. అతని తరగతి గదిలో మొదలైన పని ఇరవై ఏడేళ్ళ తర్వాత కూడా కొత్త ఆల్బమ్‌గా జనం చేతికి అందింది. ఒక ఉపాధ్యాయుడికి ఇంతకంటే ఏం కావాలి?

ఫోన్‌లో పాట విన్నందుకు కళాకారుడికి చేరేది పైసల లెక్క. ఎల్‌పీయో, సీడీయో, డౌన్‌లోడో కొంటే, కచేరీకి టికెట్ తీసుకుంటే, ఇంకో ఆల్బమ్ ఖర్చులకు వాళ్ళ దగ్గర డబ్బుంటుంది. మన హైదరాబాద్‌లో, విశాఖలో సొంత పాటలు రాసుకుని చిన్న వేదికల మీద పాడే పిల్లలకు కూడా ఇదే వర్తిస్తుంది. సినిమా అండ లేకుండా తెలుగులో పాట కట్టేవాళ్ళ దగ్గర కొనే వంద ప్రతులు, పొగడ్తల కంటే ఎక్కువ దూరం తీసుకెళతాయి.

ఇక పని మీది. ముందు 'ఎ బిట్ ఆఫ్ ప్రీవియస్' పూర్తిగా వినండి. వారం ఆగి 'లేట్ డెవలపర్స్' వినండి. ఆ తర్వాతే 'టైగర్‌మిల్క్'కు వెళ్ళండి. ఈ వరసలో వింటే, పడుచుతనాన్ని లోపలి నుంచి పాడినవాళ్ళు నడివయసునూ అంతే నిజాయితీగా పాడగలరని మీ చెవులకే తెలుస్తుంది. నా అభిప్రాయంతో మీరు ఏకీభవించనక్కర్లేదు. కాదంటే, ఏ పాట దగ్గర కాదంటున్నారో చెప్పండి. ఆ పాట మళ్ళీ పెట్టుకుని మీతో కలిసి వింటాను.